చక్రాల మీది గృహప్రవేశం

బండి మీద సంసారం చేయుట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలవారికి కొత్త సంగతి కాదు. రెండేండ్లకొకసారి మాఘమాసంలో పౌర్ణమి దగ్గరపడగానే మేడారం జాతరకు ఈ పల్లెలనుండి ఎడ్లబండ్లు బారులు తీరి వెళ్లిన రోజులు చూచినవారు ఇంకను మన మధ్య ఉన్నారు. బండి మీద తడకలతో గూడు కట్టి, అడుగున వరిగడ్డి పరచి, పైన బొంత వేస్తే అదియే పడకగది. ఇరుసుకు వ్రేలాడే లాంతరు, ప్రక్కన కట్టిన నీళ్లకుండ, మూటలో జొన్నపిండి, సకినాలు, అమ్మవార్లకు సమర్పించే బెల్లం. ఆ బెల్లాన్ని బంగారమనియే పిలువవలె. ఇంతే సామాను. ప్రొద్దు క్రుంకగానే చెట్టు క్రింద బండి విప్పి, మూడు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించేవారు. పిల్లలు గూటిలోను, పెద్దలు బండి క్రిందను పండుకొనేవారు. తెల్లవారితే ఇల్లు మళ్లీ కదిలేది.

ఆ బండికి గృహప్రవేశమన్నది అక్కర లేకపోయింది. గూడు రెండు వైపుల తెరచియే ఉండేది గనుక గాలికి కొరత లేదు. పొయ్యి ఎప్పుడును బయటనే. బరువెక్కువైతే ఎడ్లు ముందుగానే తెలియజేసేవి. మెడ వంచి, కాళ్లు తన్నిపెట్టి, ఒక్క అడుగు వేసేవి కావు. ఇప్పుడు కొందరు గృహస్థులు ముచ్చటపడి కొనుక్కొంటున్న మోటారు ఇల్లు, అనగా జనం క్యారవాన్ అని పిలుస్తున్నది, ఈ విషయాలన్నింటిలోను ఎడ్లబండికి విరుద్ధం. దాని తలుపులు గట్టిగా మూసుకొంటవి. పొయ్యి లోపలనే ఉంటుంది. ఎంత బరువు వేసినా ఇంజను నోరెత్తకుండ లాగుతుంది. చెప్పవలసినది చెప్పక దాచుకొనే ఇల్లు అది. అందువలన తాళపుచెవి చేతికి వచ్చిన రోజు వేరు, కాపురానికి తగిన రోజు వేరు అని నా అభిప్రాయం. ఈ రెండు రోజుల నడుమ చేయవలసిన పనులను గురించియే ఈ ప్రసంగం.

మోటారు ఇల్లు అనిపించుకొనుటకు ఏమేమి ఉండవలె? మన దేశపు మోటారు వాహన ప్రమాణాలు దీనికి స్పష్టమైన లక్షణం చెప్పినవి. కూర్చొనుటకు ఆసనాలు, ఒక బల్ల, పడక, అది ఆసనాలనే పరచి చేసినదైనా సరే, వంటకు సదుపాయం, సామానుకు అరలు. ఇవన్నియు బండికి కదలకుండ బిగించి ఉండవలె. బల్లను మాత్రం తీసి పెట్టుకొనుటకు వీలుండవచ్చును. చూడగా మన పెంకుటింటికి చెప్పవలసిన లక్షణం కూడ దాదాపు ఇదియే, ఒక్క బిగింపు తప్ప. ఆ బిగింపులోనే అసలు రహస్యమున్నది. ఇంటిలో గోడకు ఆనించిన బీరువా నూరేండ్లయినా అక్కడనే నిలుస్తుంది. బండిలో ఆనించిన బీరువా మొదటి గతుకులోనే మన మీదికి వస్తుంది.

వినోదం కొరకు ఇట్టి ఇంటిని చేయించుకొన్న మొదటివారిలో ఒకరు ఇంగ్లండులో ఉండిన గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు. నౌకాదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్న తరువాత, తానే నమూనా గీసి, బ్రిస్టల్ నగరపు బండ్ల కర్మాగారంలో 1885లో ఒక బండిని చేయించుకొన్నాడు. దానికి వాండరర్ అని పేరు. సంచారి అని అర్థం. రెండు గుర్రాలు లాగే ఆ ఇంటిలో ఆయన ఆ సంవత్సరమే ట్వైఫర్డ్ అనే ఊరినుండి స్కాట్లండు ఉత్తరాన ఇన్వర్నెస్ వరకు ప్రయాణించి, మరుసటి ఏడు దానిని గురించి గ్రంథం ప్రకటించినాడు. వెంట ఒక కుక్క, ఒక కాకతువ్వ చిలుక కూడ ఉండేవట. ఇరుకు ఇంటికి చిలుక ఎందుకని అడుగబుద్ధి అవుతుంది గాని, ఎవరి ముచ్చట వారిది.

మన తెలుగుదేశంలో చక్రాల మీద నివసించినవారిలో అందరికి తెలిసిన ఉదాహరణ నందమూరి తారక రామారావుగారిది. 1982లో పార్టీ స్థాపించిన తరువాత ఒక పాత షెవర్లే వ్యానును బాగుచేయించి, దానికి చైతన్యరథమని పేరు పెట్టి, కుమారుడు హరికృష్ణ నడుపగా నెలల తరబడి రాష్ట్రమంతట తిరిగినారు. ప్రజలు బండి పైకప్పు మీది ఉపన్యాసాన్ని చూచినారు గాని, అదే బండి ఆయనకు విశ్రాంతి మందిరంగా కూడ ఉపయోగపడిన సంగతి అంతగా గమనించలేదు. మన జగిత్యాల జిల్లాకు సంబంధించిన మరొక సంఘటన ఇటీవలిది. 2023 జనవరి 24న పవన్ కల్యాణ్‌గారు వారాహి అనే తమ ప్రచార వాహనానికి కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిలో పూజ చేయించినారు. అంతకు ముందు ఆ వాహనపు రంగును గురించి పత్రికలలో కొంత చర్చ జరిగింది. దానివలన చాలమందికి ఒక నిబంధన తెలిసివచ్చింది. ఆలివ్ పచ్చ రంగు రక్షణశాఖ వాహనాలకే ప్రత్యేకింపబడినది. ఆకుల పచ్చదనంలో కలిసిపోతుందని ముచ్చటపడి మీరు ఆ రంగు వేయించుకొంటే, ముచ్చట తీరకముందే రంగు గీకించవలసి వస్తుంది.

ఇక బండిని స్వాధీనం చేసికొనే రోజు. ఆ రోజున ఇంటిల్లిపాది వెళ్లుట సహజం. పూలదండ, కొబ్బరికాయ, చక్రాల క్రింద నిమ్మకాయలు, మిఠాయి పొట్లం, ఫొటోలు. ఈ సంబరమంతా సాయంత్రం పెట్టుకొండి. పరీక్షను మాత్రం ఉదయమే ముగించండి. వెలుతురులో తప్ప కనబడని లోపాలు కొన్ని ఉన్నవి. మొదట చేయవలసినది వాన కురిపించుట. గొట్టం తెప్పించి, కిటికీలు తలుపులు మూసి, పైకప్పు మీద అరగంట ధారగా నీరు పట్టించండి. ఒకరు లోపల కూర్చొని, పైకప్పులో గాలి కొరకు కోసిన కిటికీ అంచులు, దీపాలకు తీగలు దిగిన రంధ్రాలు, అరల మూలలు చేతితో తడిమి చూడవలె. తడి మొదట కంటికి కనబడదు, వ్రేలికి తెలుస్తుంది. ఈ పరీక్షకు అమ్మేవారు కొంచెం విసుగుకొంటారు. విసుగుకొననివ్వండి. చెక్క పలకల వెనుక చేరిన చెమ్మ ఆరు నెలల తరువాత నల్లని మచ్చగా బయటపడినప్పుడు విసుగుకొనే వంతు మనది అవుతుంది.

తరువాత నీటితొట్టిని నిండుగ నింపించి, ప్రతి కుళాయిని తిప్పి, బండి క్రిందికి వంగి చూడండి. ప్రతి దీపాన్ని వెలిగించండి. పడకను పరచి, దాని మీద ఇంటిలో అందరికంటె పొడుగైన మనిషి పండుకొని చూడవలె. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. చీర కొనేటప్పుడు మడత విప్పి చూడని ఇల్లాలున్నదా? స్టెప్నీ చక్రం, జాకీ ఎక్కడ ఉన్నవో, వాటిని తీయుటకు పడకను ఎత్తవలసిన అవసరమున్నదో చూచుకొండి. అర్ధరాత్రి, వానలో, నిద్రపోతున్న పిల్లలను లేపి చక్రం తీయవలసిన ఇల్లు మంచి ఇల్లు కాదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పుతాను. స్వంత వినియోగానికి ఉంచుకొన్న క్యాంపర్ వ్యానును కేంద్ర ప్రభుత్వపు వర్గీకరణలో రవాణేతర వాహనంగా లెక్కించినారు. నిండు బరువు 7,500 కిలోలు దాటకుంటే అది తేలికపాటి మోటారు వాహనం క్రిందికి వస్తుంది. కారు నడిపే లైసెన్సు సరిపోతుంది. దానిని దాటితే వేరు లైసెన్సు కావలె. పాత వ్యానును కొని ఎవరిచేతనో అరలు, పొయ్యి పెట్టించి ఇల్లుగా మార్చుకొనదలచినవారు, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చుటకు చట్టం అనుమతించదని గుర్తుంచుకోవలె. నియమం ప్రకారం ముందు అనుమతి పొంది, ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రంలో వ్రాయించుకొన్నప్పుడే బీమాకు బలముంటుంది. జగిత్యాల, కోరుట్ల వారికి టీజీ 21, సిరిసిల్లవారికి టీజీ 23 అనే సంఖ్యలతో నంబరు వస్తుంది. దానిని మాత్రం పూలదండతో కప్పకండి.

బరువును గురించి కొంచెం నిలిచి చెప్పవలసియున్నది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు రోడ్డు మీద ప్రయాణికులతో క్రిక్కిరిసిన బస్సు లోయలో పడి అరవైమందికి పైగా మరణించినారు. వారిలో చాలమంది ఆ చుట్టుపట్ల పల్లెల ఆడవారు, పిల్లలు. ఆనాడు బస్సులో దాదాపు నూరుమంది ఉన్నారు. ఆ రోజును ఈ ప్రాంతంలో ఎవరును మరువలేదు. మరచిపొండని చెప్పుటకు నేనెవరిని? ఇక్కడ దానిని తలచుటకు కారణం ఒక్కటే. వంపులో, వాలులో బండి మీద అధికారం చక్రానికి, బ్రేకుకు ఎంత ఉన్నదో, లోపలి బరువుకు కూడ అంత ఉన్నది. ఆ బరువు నేల మట్టానికి ఎంత పైన ఉంటే అంత ప్రమాదం. మోటారు ఇల్లు ఎత్తైనది. దాని పై అరలో పెట్టిన బియ్యపు సంచి, క్రింద పెట్టిన బియ్యపు సంచి తూకంలో ఒక్కటే అయినా, మలుపులో ఒక్కటి కాదు.

కాబట్టి బండిని ఇంటికి తెచ్చే దారిలోనే ఒక రైసుమిల్లు ధర్మకాంటా దగ్గర ఆపండి. వడ్లకు, మామిడికి కాంటాలు పెట్టి బ్రతికే ప్రాంతం మనది. కాంటా వెదుకుకొనవలసిన పని లేదు. మొదట ఖాళీ బండిని తూచండి. ముందు చక్రాలను మాత్రమే కాంటా మీద నిలిపి ఒకసారి, వెనుక చక్రాలను నిలిపి ఒకసారి కూడ తూయించి, ఆ చీట్లు దాచుకొండి. సామాను సర్దుకొన్న తరువాత, ఇంటిల్లిపాది ఎక్కి కూర్చొని, నీళ్లు, డీజిలు నిండుగ పోయించి మళ్లీ అదే కాంటాకు వెళ్లండి. తయారీదారు వ్రాసి ఇచ్చిన నిండు బరువుతో దానిని పోల్చి చూడండి. చాల ఇండ్లలో ఇక్కడనే కనులు తెరుచుకొంటవి. లీటరు నీరు ఒక కిలో. తొట్టిలో నూట యాభై లీటర్లు పోస్తే ఇద్దరు స్థూలకాయులను అదనంగా ఎక్కించినట్లే. ఇంటి వంటకు వాడే గ్యాసుబుడ్డిలో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై కిలోల దాపు. తిరుగలి, రోలు, ఇత్తడి బిందెల మాట ఎత్తనవసరం లేదు. అయినను ఎవరో ఒక అవ్వ తన రోలు లేనిదే రానని పట్టుబట్టక మానదు.

బండి ఎత్తును కూడ ఆనాడే కొలిచి, అడుగులలోను, మీటర్లలోను పెద్ద అక్షరాలతో వ్రాసి, నడిపేవారి కంటికి ఎదురుగా అంటించండి. మన ఊళ్లలో కమాన్లు, వీధికి అడ్డంగా జారిన కరెంటు తీగలు, రైలు పట్టాల క్రింది దారులు, సిరిసిల్ల నేతవాడలలోని ఇరుకు సందులు, ఇవేవియు మోటారు ఇంటిని తలచుకొని కట్టినవి కావు. ఇంటి ముందు గేటులో బండి పట్టునా పట్టదా అన్నది కొనక మునుపే చూచుకోవలసిన విషయం.

ఇప్పుడు గృహప్రవేశానికి వస్తాము. ఇల్లన్నాక పాలు పొంగించక తప్పదు. ఆ ఆచారం మీద నాకు గౌరవమున్నది. కాని దానిని ఈ ఇంటి లోపల జరుపవద్దని చేతులు జోడించి కోరుతాను. పాలు పొంగినప్పుడు ఏమవుతుంది? పొంగిన పాలు పొయ్యి మీద పడి మంట ఆరిపోతుంది. మంట ఆరినంత మాత్రాన గ్యాసు ఆగదు. మంట ఆరితే తనంతట తాను గ్యాసును ఆపివేసే ఏర్పాటు కొన్ని పొయ్యిలకే ఉంటుంది. మామూలు ఇంటిలో వాసన పసిగట్టి కిటికీ తెరుస్తాము. వంటగదికి గడప, గడపకు ఆవల వరండా ఉన్నవి. ఆరడుగుల వెడల్పు బండిలో, చుట్టములందరు క్రిక్కిరిసి నిలుచుండగా, దీపారాధన ఒకవైపు వెలుగుతుండగా జరిగే సంగతి వేరు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. పైకి పోదు, నేల మీద పరచుకొని, పడక క్రిందను అరల అడుగునను నిలుస్తుంది. అందువలన మోటారు ఇంటి నేలలో, గ్యాసుబుడ్డి ఉంచే అరలో, బయటికి తెరచిన రంధ్రాలు ఉండవలె. స్వాధీనం చేసికొనేనాడు వీటిని వంగి, వ్రేలు పెట్టి చూడండి. చలిగాలి వస్తున్నదని గుడ్డలు కుక్కి వాటిని మూయకండి. పాలు మాత్రం వాకిట్లో, బండి తూర్పు ప్రక్కన మూడు రాళ్ల మీద పొంగించండి. మన పెద్దలు మేడారం దారిలో వంట చేసుకొన్నది అట్లనే గదా.

తూర్పు అన్నాను గనుక ఒక మాట. మోటారు ఇంటికి వాస్తు చూడమని వచ్చేవారుంటారు. ఈ ఇంటి సింహద్వారం ఉదయం తూర్పుకు, మధ్యాహ్నం నైరృతికి తిరుగుతుంది. ఏ సిద్ధాంతిగారైనా దీనికి పరిహారం చెప్పగలిగితే వినుటకు సిద్ధంగా ఉన్నాను.

గ్యాసుకు వాసన కలిపి అమ్ముతారు గనుక మన ముక్కు కాపలా కాస్తుంది. వాసనలేని శత్రువు మరొకటి ఉన్నది. అది కార్బన్ మోనాక్సైడ్. బొగ్గులు, పెట్రోలు, డీజిలు గాలి చాలక అరకొరగా మండినప్పుడు పుట్టే విషవాయువు. రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడ రానీయదు. తల బరువెక్కి నిద్ర వచ్చినట్లుంటుంది. ఆ నిద్రనుండి మేల్కొనరు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర పట్టణంలో రోడ్డు ప్రక్కన నిలిపిన క్యారవాన్‌లో ఇద్దరు మరణించి కనబడినారు. జనరేటరునుండి వెలువడిన ఈ వాయువు లోపలికి చేరుటయే కారణమని కాలికట్ ఎన్.ఐ.టి. నిపుణులు పాల్గొన్న పరీక్షలలో తేలింది. వారు చేసినది మనలో ఎవరైనా చేసేదే: ఉక్కకు ఓర్వలేక, తలుపులు మూసి, చల్లని యంత్రాన్ని నడిపించుకొని పండుకొన్నారు.

ఇందువలన నేను కఠినంగా చెప్పదలచినది ఇది. మనుష్యులు లోపల నిద్రించేటప్పుడు ఇంజను గాని జనరేటరు గాని నడువరాదు. చలికాలంలో కుంపటి లోపల పెట్టరాదు. పొగగొట్టం చివర ఎక్కడ ఉన్నది, దాని పైన నేలలో తీగల కొరకు చేసిన రంధ్రాలు గట్టిగా పూడ్చినారా లేదా అన్నది మొదటిరోజే చూడవలె. గ్యాసు కొరకు నేలలో విడిచిన రంధ్రాలు వేరు, ఇవి వేరు. ఏది ఏమిటో అమ్మినవారిచేత చూపించుకొని సున్నంతో గురుతు పెట్టుకొండి. ఈ వాయువును పసిగట్టి కూతపెట్టే చిన్న పరికరాలు బజారులో దొరుకుతున్నవి. పూలదండకైన ఖర్చుతో దానిని పోల్చుకొనవద్దు. దానిని కొనని ఇంటికి నేను చుట్టపుచూపుగా కూడ వెళ్లను.

అయితే ఉక్కకు ఏమి చేయవలె? ఈ ప్రశ్న కేరళవారికంటె మనకు ఎక్కువ అవసరం. జగిత్యాలలోను సిరిసిల్లలోను వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులున్నవి. రేకు గోడల ఇల్లు మధ్యాహ్నానికి పెనమవుతుంది. బ్యాటరీ లెక్క చూడండి. 12 వోల్టుల, 100 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఉండే శక్తి 1,200 వాట్ గంటలు. సీసపు బ్యాటరీ అయితే సగానికి మించి వాడితే దాని ఆయుస్సు తగ్గుతుంది. మిగిలిన 600తో 75 వాట్ల పంకా ఎనిమిది గంటలు తిరుగుతుంది. అనగా ఒక రాత్రికి ఒక పంకా. ఇప్పుడు వస్తున్న తక్కువ కరెంటు పంకాలు రెండు తిరుగవచ్చును. చల్లని యంత్రానికి ఈ బ్యాటరీ చాలదు. అమ్మేవారు చాలునన్నా నమ్మకండి, రాత్రంతా నడిపి చూపించమనండి. మనకు తెలిసిన ఉపాయాలు మనకున్నవి: వేపచెట్టు నీడ, ఎదురెదురు కిటికీలకు దోమతెరలు, పైకప్పు మీద తెల్లరంగు. అన్నింటికంటె మేలైనది చైత్ర వైశాఖాలలో ఇల్లు విడిచి వెళ్లకుండుట.

సామాను సర్దుటలోనే సంసారం బయటపడుతుంది. సిరిసిల్ల నేతకారుడు నల్ల పరంధాములుగారు అగ్గిపెట్టెలో ఇమిడే చీరను నేసి కీర్తి గడించిన సంగతి మీకు తెలియనిది కాదు. ఆ ఊరి మడత విద్య ఈ ఇంటికి సరిగా అవసరం. ఒక వస్తువుకు ఒకటే చోటు. చీకటిలో చేయి చాచితే టార్చిలైటు దొరకవలె. తలుపు మూసిన అరలు గతుకులలో తెరుచుకొనకుండ గొళ్లెం ఉండవలె. బరువులు క్రింద, చక్రాల ఇరుసులకు దగ్గరగా, బట్టలు పైన. ఎడమకు కుడికి సమంగా. పొయ్యి దగ్గరి కిటికీకి మెరిసే పాలియెస్టరు తెర వద్దు. మన మరమగ్గాల మీద నేసినదే కావచ్చును గాని, అది నిప్పుకు కరిగి ఒంటికి అంటుకొంటుంది. దళసరి నూలు గుడ్డ మేలు, అదియును మంటకు అందనంత ఎడంగా. గాజుసీసాలు, ఊరగాయ జాడీలు తువ్వాలలో చుట్టి పెట్టండి. సొరుగులో ఆవకాయ ఒలికిన మోటారు ఇల్లు అమ్ముడుపోదు.

ఈ ప్రాంతంలో అట్టి ఇంటికి ప్రత్యేకమైన అర్హత గలవారు ఉన్నారని నాకు తోస్తుంది. 1970ల నాటినుండి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలవారు గల్ఫ్ దేశాలకు పోయి పనిచేస్తున్నారు. ఒక గదిలో అంతస్తుల మంచాలు, ఒక మంచానికి ఒక పెట్టె, ఆ పెట్టెలోనే పండుగ బట్టలు, ఇంటి ఉత్తరాలు, పిల్లల ఫొటోలు. అట్లు ఇరవయ్యేండ్లు బ్రతికి వచ్చిన మనిషికి తక్కువ చోటులో ఇతరులకు అడ్డురాకుండ మెలగుట ఒకరు నేర్పనక్కరలేదు. ఆయన భార్య సంగతి వేరు. ఆమె అన్నేండ్లును పెద్ద ఇంటిని, పొలాన్ని, అత్తమామలను, పిల్లల చదువులను ఒంటిచేత్తో నడిపింది. ఇల్లంతా తన మాట మీద తిరిగినది. ఇప్పుడు ఆ ఇద్దరును పది అడుగుల పొడవు గల గదిలో, రోజుకు ఇరవైనాలుగు గంటలు, కాశీ వరకు పోయి రావలెనంటే అది చిన్న పరీక్ష కాదు. ఎడబాటుకు అలవాటుపడినవారు దగ్గరతనానికి కూడ అలవాటు పడవలసియుంటుంది. ఆయన ప్రతి గిన్నెకు చోటు నిర్ణయించబోతాడు. ఆమెకు అది తన వంటింటిలో ఎవరో చొరబడినట్లుంటుంది. కాబట్టి అరలను ముందుగానే పంచుకొండి. వంట అరలలో ఆయన చేయి పెట్టరాదు. పనిముట్ల పెట్టెను ఆమె సర్దరాదు. బండిని వెనుకకు తీసేటప్పుడు మాత్రం ఆమె దిగి చెప్పిన మాటయే చెల్లవలె. నడిపేవానికి వెనుక కనబడదు, ఆమెకు కనబడుతుంది. చేతిసంజ్ఞలను ఇద్దరు కలిసి వాకిట్లోనే నాలుగుసార్లు అభ్యాసం చేసికొంటే, నడివీధిలో పదిమంది ముందు కేకలు వేసికొనే అవసరం రాదు.

మొదటి రాత్రి నిద్ర ఎక్కడికో పోయి కాదు, మీ వాకిట్లోనే చేయండి. ఇంటి తలుపుకు తాళం వేసి, అది లేనట్లే భావించి, బండిలోనే వండుకొని, తిని, స్నానం చేసి, పండుకొండి. ఎన్ని లీటర్ల నీరు అయిపోయినది, బ్యాటరీ తెల్లవారువరకు నిలిచినదా, రాత్రి లేచి బయటికి వెళ్లేటప్పుడు ముసలివారి మోకాలు దేనికి తగిలినది, ఇవన్నియు ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి. మరచిపోయిన అట్లకాడ పది అడుగుల దూరంలోనే ఉంటుంది గనుక ఆ రాత్రి చిక్కులకు చింత లేదు. తలుపు లోపలినుండి బిగుసుకొని రాకపోతే బయటపడు మార్గమేదో పిల్లలకు కూడ చూపించి, వారిచేత తీయించండి. ఇట్లు రెండు మూడు రాత్రులు గడిచిన తరువాత మొదటి ప్రయాణం దగ్గరగా ఉండవలె. జగిత్యాలవారికి ధర్మపురి, సిరిసిల్లవారికి వేములవాడ ఉండనే ఉన్నవి. ఒక రాత్రి దేవుని ఊళ్లో గడిపి, మరునాడు ఇల్లు చేరి, విరిగినవి అతికించుకొని, వదులైనవి బిగించుకొన్న తరువాత కాశీ మాట తలపెట్టవచ్చును.

వాడిన నీటిని గురించి ఒక్క మాట. మోటారు ఇంటి క్రింద మురుగుతొట్టి, పాయిఖానాతొట్టి వేరువేరుగా ఉంటవి. అవి నిండగానే ఎవరూ చూడని చోట మానేరు ఒడ్డునో, కాకతీయ కాలువ గట్టునో తెరచివేయవలెనన్న ఆలోచన చీకటిపడిన తరువాత మంచివారికి కూడ కలుగుతుంది. ఆ నీరు దిగువ ఊళ్లలో చేలకు పారుతుంది, బిందెలలోనికి కూడ చేరుతుంది. పాయిఖానాతొట్టిని మీ ఇంటి సెప్టిక్ ట్యాంకులో గాని, ప్రయాణంలో అడిగి అనుమతి పొందిన చోట గాని ఖాళీ చేయవలె. దానికి వాడే గొట్టాన్ని, తాగునీటి గొట్టాన్ని ఒకే అరలో ఉంచకండి. రంగు గుడ్డపేలికలు కట్టి గురుతు పెట్టుకొండి.

చివరగా, రేడియో ఉంచుకొన్నవారికి పనికివచ్చే సంగతి. ఇంటిలో చక్కగా వినిపించే చిన్న రేడియోను మోటారు ఇంటిలోనికి తీసుకొనిపోతే గరగరమను చప్పుడు తప్ప మరేమియు రాదు. దోషం రేడియోది కాదు. చుట్టును ఉన్న లోహపు గోడలు ప్రసార తరంగాలను లోపలికి రానీయవు. ముఖ్యంగా మీడియం వేవ్ ప్రసారాలకు ఈ ఇబ్బంది ఎక్కువ. బండి కప్పు మీద బయట ఏరియల్ పెట్టించి, దాని తీగను లోపలికి తేవలె. ఆ తీగ కొరకు చేసిన రంధ్రాన్ని మైనంతోనో రబ్బరుతోనో పూడ్చి, మళ్లీ ఒకసారి గొట్టంతో నీరు పట్టించి చూడండి. చెట్ల క్రింది దారులలో పోయేటప్పుడు ఏరియల్‌ను మడిచి ఉంచవలె. ఇది ఏమియు వద్దనుకొంటే, ప్రొద్దు క్రుంకిన తరువాత బండి ప్రక్కన చాప పరచుకొని, రేడియోను బయట పెట్టుకొని వినవచ్చును.